ఉప్పునీటి ట్యాంకులో ఏ నాచు పెంచాలి: వరంగల్ ఎండను చూసి ఎంచుకోండి

“గింత పైసలు పెట్టి పాసి పెంచుతున్నవా బిడ్డా?” హనుమకొండలో మా ఇంటి ఉప్పునీటి ట్యాంకు చూసి అమ్మ అన్న మొదటి మాట ఇది. ఆమెను తప్పు పట్టలేం. బావి గట్టు మీద, వానాకాలం బాత్‌రూమ్ గోడ మీద చీపురుతో గీకి పారేసేదాన్ని మనం హాల్లో లైటు పెట్టి, పంపు పెట్టి, ఉప్పు కొని మరీ పెంచుతున్నాం. ఆరు నెలలు తిరిగేసరికి ఆమే ఇంటికొచ్చిన చుట్టాలను పిలిచి “ఆ ఎర్రది చూడున్రి, బతుకమ్మకు రంగద్దిన గునుగు పువ్వు లెక్క లేదా?” అనడం మొదలుపెట్టింది.

కొత్తగా ట్యాంకు పెట్టేవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే, ఏ నాచు అందంగా ఉంటుందని. ఫొటోలో అన్నీ అందంగానే ఉంటాయి. కొనేముందు తెలుసుకోవాల్సింది అది పాడైతే ఎట్లా పాడవుతుంది అన్నది. కొన్ని నాచులు వారం రోజుల ముందే రంగు తగ్గి, చివర్లు రాలి, నెమ్మదిగా చెడిపోతాయి. కొన్ని ఒక్క రాత్రిలో ట్యాంకు మొత్తాన్ని ముంచుతాయి. మే నెలలో 44 డిగ్రీలు చూసే ఊళ్లో, పెళ్లికో మేడారం జాతరకో నాలుగు రోజులు తాళం వేసి వెళ్లే ఇళ్లలో ఈ తేడాయే అన్నిటికంటే పెద్దది. నేనిది డబ్బులు, ఒక గోబీ చేప పోగొట్టుకొని నేర్చుకున్నాను.

ముందు మన ఊరి సంగతి

మనకు దగ్గరి సముద్రం బాపట్ల వైపు, దాదాపు మూడు వందల కిలోమీటర్లు. సముద్రపు నీళ్లు క్యాన్లలో తెచ్చుకునే ఆలోచన మానేయండి. ఉప్పు మిక్స్ కొని ఇంట్లోనే కలుపుకోవాలి. మాది మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకు 190 లీటర్లు, రాళ్లు, ఇసుక పోగా నిజంగా పట్టే నీళ్లు 160 లీటర్లే. లీటరుకు సుమారు 38 గ్రాముల మిక్స్ చొప్పున (అందులోని తేమ పోగా నీళ్లలో నిలిచే ఉప్పు 35 గ్రాములు) మొదటిసారికి ఆరు కిలోలు పట్టింది. వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు. అందులో కాల్షియం, మెగ్నీషియం లాంటివి ఉండవు.

బోరు నీళ్లు నేరుగా వాడితే మనం కోరుకున్న నాచు కంటే ముందు జుట్టులాంటి పిచ్చి నాచు పెరుగుతుంది. ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు చాలని నేనూ అనుకున్నాను. కానీ తాగే ఆర్వోల్లో రుచి కోసం కొంత ఖనిజాలు కలిపే ఏర్పాటు ఉంటుంది. దాని తర్వాత మిగిలిన ఖనిజాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలించి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాకే ఆ నీళ్లు వాడండి.

ఇక వేడి. ట్యాంకు నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషన్ కొనగలిగితే గొడవే లేదు. కొనలేకపోతే నీటి మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాన్ పెట్టండి. మన ఏప్రిల్, మే నెలల్లో ఉండేది పొడి వేడి కాబట్టి, ఇంట్లో కూలర్ ఎందుకు పనిచేస్తుందో ఇదీ అందుకే పనిచేస్తుంది. మా ట్యాంకులో మూడు డిగ్రీల దాకా తగ్గుతుంది. ఈ విషయంలో ఉక్కపోత విశాఖ కంటే మనమే నయం. కానీ రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు ఆవిరైపోతాయి. నీళ్లే పోతాయి, ఉప్పు లోపలే ఉంటుంది. నాలుగు రోజులు నీళ్లు పోయకుండా ఊరెళితే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 39 దగ్గరికి చేరుతుంది. తగ్గిన మేరకు పోయాల్సింది ఉప్పు కలపని ఆ డీఐ నీళ్లు, ఉప్పునీళ్లు కాదు. కొత్తవాళ్లలో సగం మంది ఇక్కడే పొరపడతారు.

ఇంకో మాట, ఇది అసలు పగడాలు కాకుండా నాచు ఎందుకన్నదానికి జవాబు. మన దేశంలో రాతి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలు అనే సీ ఫ్యాన్లన్నీ కూడా, 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి వచ్చాయి. సముద్రపు గుర్రాలు కూడా. పులికి ఏ షెడ్యూలో వీటికీ అదే. కాబట్టి దుకాణంలో ఎవరైనా గుట్టుగా “ఇది స్పెషల్ పీస్ అన్నా” అంటే దండం పెట్టి బయటికి వచ్చేయండి. రంగు, కదలిక, ఎత్తు, లోతు అన్నీ నాచుతోనే తెప్పించవచ్చు. టెన్షన్ లేదు.

కాలెర్పా, కీటో: మొదటి తగువు

దుకాణంలో మొదట చేతికిచ్చేది ఈ రెండిట్లో ఒకటి.

కాలెర్పా చూస్తే ఎవరైనా మనసు పారేసుకుంటారు. ఇసుక మీద తీగలా పాకుతుంది, తీగ మీద ఆకులు నిటారుగా లేస్తాయి. వెడల్పు పట్టీల్లాంటి ఆకుది ప్రోలిఫెరా, ఈకలాంటిది టాక్సిఫోలియా, ద్రాక్ష గుత్తుల్లాంటిది రేసిమోసా. పెంచడం రాదు అనేవాడికి కూడా పెరుగుతుంది. నెల తిరిగేసరికి ట్యాంకు ముందు భాగం పచ్చిక బయలు.

దాని ఒళ్లు ఎట్లా ఉంటుందో తెలిస్తేనే గొడవ అర్థమవుతుంది. అడుగు పొడవు తీగ, దాని మీది యాభై ఆకులు, అన్నీ కలిపి ఒకే ఒక్క కణం. లోపల కేంద్రకాలు లెక్కలేనన్ని, మధ్యలో గోడలు మాత్రం లేవు. ఒకే గది ఉన్న పెద్ద ఇల్లు అనుకోండి. ఆ నాచుకు బీజాలు వదలాలనిపించిన రోజు ఆ ఇంట్లో ఉన్నదంతా బీజాలుగా మారి నీళ్లలోకి వెళ్లిపోతుంది. మిగిలేది ఖాళీ పెంకు.

ఒక మే నెలలో కరీంనగర్‌లో పెళ్లికి వెళ్లి రెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే ట్యాంకులో బియ్యం కడిగిన నీళ్లు. కాలెర్పా అంతా ప్లాస్టిక్ కవరులా తెల్లగా, పారదర్శకంగా వేలాడుతోంది. క్లౌన్ చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. వేడి నీళ్లలో ముందే ఆక్సిజన్ తక్కువ, దానికి తోడు ఈ కుళ్లు. గాలి రాళ్లు రెండు వేసి, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్‌ను పైకి తిప్పి, మలినాలు పీల్చే కార్బన్ పెట్టి, రాత్రికి రాత్రి సగం నీళ్లు మార్చాను. క్లౌన్లు బతికాయి, గోబీ బతకలేదు.

ముందు సూచన ఉండదా అంటే ఉంటుంది. ఆకుల మీద అక్కడక్కడ రంగు తగ్గి వలలాంటి మచ్చలు కనిపిస్తాయి. అప్పుడే తీసేస్తే గండం తప్పుతుంది. కానీ చూడటానికి మనం ఇంట్లో ఉండాలి కదా. ఇది రాకుండా 24 గంటలూ లైటు వేసి ఉంచేవాళ్లూ ఉన్నారు. హాల్లో ట్యాంకు ఉన్న ఇంట్లో అది కుదరదు. మూడు రకాల్లో ప్రోలిఫెరా కొంచెం నెమ్మది మనిషి. అయినా నేను దానికీ పూర్తిగా హామీ ఇవ్వను. కత్తిరించేటప్పుడు కూడా ఆకుల్ని ముక్కలు చేయకండి, కోసిన చోట లోపలి రసం కారుతుంది. తీగను మొదలు నుంచి మెల్లగా లాగి తీయాలి.

కీటోమార్ఫా, మనవాళ్లు కీటో అంటారు, దీనికి పూర్తి వ్యతిరేకం. అందం తక్కువ, నమ్మకం ఎక్కువ. గిన్నెలు తోమే పచ్చ పీచును నీళ్లలో వదిలితే ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంటుంది. ఒక్కో పోగు ఒకే వరుసలో పేర్చిన కణాల గొలుసు. వేరు లేదు, దేన్నీ పట్టుకోదు, ఒక్కసారిగా కూలదు. లైటు తగ్గితే లోపలి భాగం గోధుమ రంగుకు తిరుగుతుంది, అంతే. వారానికోసారి ముద్దను తిరగేసి, ట్యాంకు నీళ్లలోనే జాడించి, పెరిగినప్పుడు మూడో వంతు తీసేస్తే చాలు. తీసిన దానితో పాటు నీళ్లలోని నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా బయటికి పోతాయి. పిచ్చి నాచుకు తిండి కరువవుతుంది.

నా తీర్పు చెప్పేస్తాను. ట్యాంకు కింద సంప్, అంటే ఫిల్టరు సామాన్లు ఉండే రెండో తొట్టి, ఉంటే కీటోను అక్కడ పెట్టండి, చూసేవాళ్లకు కనిపించనక్కర్లేదు. సంప్ లేకపోతే వెనక మూలలో రాయికి నైలాన్ దారంతో కట్టి చిన్న పొదలా వదలండి. కాలెర్పాను మాత్రం రోజూ ట్యాంకు చూసే అలవాటు, ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి, ఇన్వర్టర్ మీద గాలి పంపు, ఈ మూడూ ఉన్నవాళ్లకే చెబుతాను.

కాలెర్పా గురించి బయటి ప్రపంచం భయపడేది వేరే కారణానికి. టాక్సిఫోలియాలో అక్వేరియంల నుంచి తప్పించుకున్న ఒక రకం 1984లో మొనాకో తీరంలో కనిపించి, తర్వాత మధ్యధరా సముద్రపు అడుగున మైళ్లకు మైళ్లు పరుచుకుంది. 2000లో కాలిఫోర్నియాలోని ఒక ఉప్పుకయ్యలో బయటపడితే, పూర్తిగా పోయిందని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది. మన చెరువుల్లో గుర్రపు డెక్క చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. మన మంచినీటి చెరువులో సముద్రపు నాచు బతకదు, నిజమే. అయినా తీసిన ముక్కల్ని డ్రైనేజీలో వేయకుండా డాబా మీద ఎండబెట్టండి. మన ఎండకు ఒక్క పూట చాలు. ఉప్పు కడిగేస్తే కుండీల ఎరువులో కలుపుకోవచ్చు.

హాలిమీడా: సున్నపు నాచు

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇది. పచ్చని చిన్న బిళ్లలు ఒకదాని చివర ఒకటి గుచ్చినట్టు, చిన్న బ్రహ్మజెముడు మొక్కలా ఉంటుంది. బిళ్లల లోపల సున్నం పేరుకుంటుంది కాబట్టి పట్టుకుంటే గట్టిగా తగులుతుంది. ఉష్ణమండల తీరాల్లో తెల్లని ఇసుక చాలాచోట్ల ఎండిన హాలిమీడా బిళ్లల పొడే. రాత్రి కొత్త బిళ్ల తెల్లగా మొలుస్తుంది, తెల్లారేసరికి పచ్చబడుతుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకొని లెక్కపెట్టుకోవచ్చు.

సున్నం, పైగా నోటికి రుచించని రసాయనాలు ఉండటంతో చేపలు దీన్ని పెద్దగా ముట్టవు. కానీ కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), ఆల్కలినిటీ అనే క్షారత 8 నుంచి 10 డీకేహెచ్ మధ్య నిలబెట్టాలి. టెస్ట్ కిట్లు కొనకుండా హాలిమీడా పెంచుతాననడం తూకం లేకుండా బంగారం కొన్నట్టే. ఇదీ కాలెర్పాకు చుట్టమే, ఒక రాత్రిలో తెల్లబడి బీజాలు వదిలే బుద్ధి దీనికీ ఉంది. తేడా ఏమిటంటే గుంపులో ఒక మొక్క తెల్లబడితే పక్కది తరచుగా మామూలుగానే ఉంటుంది. రెండు మూడు గుత్తులు మాత్రమే పెట్టుకుంటే ముంచే ప్రమాదం తక్కువ.

ఎర్రవాటిలో ఏది

ట్యాంకు ముందు నిలబడ్డవాళ్ల చూపు మొదట పడేది ఎరుపు మీదే. ఎర్ర నాచులన్నీ మెల్లగా చెప్పి చెడిపోయే జాతి, అందుకే మన ఊళ్లో నా మొదటి ఓటు వీటికి. అయితే మూడిట్లో ఒకదాన్ని తేల్చుకోవడం అంత తేలిక కాదు.

హాలిమేనియాను దుకాణాల్లో డ్రాగన్స్ బ్రెత్ అంటారు. హాలిమీడా, హాలిమేనియా పేర్లు దగ్గరగా ఉన్నాయని ఆర్డరు తారుమారు చేసుకోకండి. దీని అంచులు నారింజ, మధ్యలో ఎరుపు, నీటి వాలుకు మంటలా ఊగుతుంది. ఫొటోలు చూసి కొనేది ఎక్కువగా దీన్నే. కానీ సుకుమారం. నీళ్లు బాగా కదలాలి, లైటు మరీ మండకూడదు, తిండి తక్కువైతే ఆకుల్లో చిల్లులు పడతాయి. మా ట్యాంకులో 28 డిగ్రీలు దాటిన వారంలో మొదట వాడేది ఇదే. చిల్లర్ లేనివాళ్లు దీన్ని నవంబరులో కొని, వేసవి దాకా ఎట్లా ఉందో చూసుకోవాలి.

గ్రాసిలేరియా అంత మెరవదు. ఎరుపు, గోధుమ కలిసిన కొమ్మల పొద. ఈ జాతి నుంచే అగర్ తీస్తారు. కిరాణా కొట్లో ఫలూదాకు, జెల్లీకి కొనే చైనా గ్రాస్ అదే. గట్టి పిండం, వేడిని కొంత ఓర్చుకుంటుంది, దూరం పార్శిల్‌ను కూడా. నైట్రేట్ తగ్గితే ఎరుపు పోయి పసుపుకు తిరుగుతుంది. దాన్ని ఖర్చు లేని టెస్ట్ కిట్‌లా వాడుకోవచ్చు. ట్యాంకులో ఆకలి మొదలైందని మీటరు కంటే ముందు ఇదే చెబుతుంది.

బాట్రియోక్లాడియా, అంటే రెడ్ గ్రేప్, చిన్న దానిమ్మ గింజలు గుత్తిగా కట్టినట్టు ఉంటుంది. పెరుగుదల నత్తనడక. రాయి నీడలో, తక్కువ లైటులో హాయిగా ఉంటుంది. నిండు లైటులో పెడితే దాని మీద వేరే నాచు పొర కట్టి ఊపిరాడనివ్వదు. ఎనిమిది నెలల్లో మా గుత్తి రెట్టింపైంది, అంతే. ఇంత నెమ్మది అయితే ఎందుకంటారా? కత్తిరించే పని లేదు, కూలే భయం లేదు, ముందు వరుసలో పెట్టినా పక్కవాటిని కప్పేయదు.

ఒక్కటే కొనాలంటే గ్రాసిలేరియా. రెండు కొనగలిగితే దానితో పాటు రెడ్ గ్రేప్. డ్రాగన్స్ బ్రెత్ మూడోది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. ఉల్వా, అదే సీ లెట్యూస్, చేపలకు మేతగా బాగుంటుంది, అలంకారానికి పల్చన. సర్గాసం, పడీనా లాంటి గోధుమ రంగువి చిన్న ట్యాంకులో నాకు నిలవలేదు. బుడగల్లా మెరిసే వలోనియాను ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

నాచుకు ఆకలి

పగడాల ట్యాంకు పుస్తకపు పాఠం నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా దగ్గర ఉండాలనేది. అది పట్టుకొని నీళ్లలోని మురికిని నురగగా తీసే పెద్ద స్కిమ్మర్, ఫాస్ఫేట్ పీల్చే మందు పెట్టి, పైగా నాచు పెరగట్లేదని బాధపడేవాళ్లను చూశాను. ఒకవైపు అన్నం తీసేసి మరోవైపు బలం రాలేదంటే ఎట్లా? నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచండి.

చేపలు తక్కువున్న ట్యాంకులో నైట్రేట్ విడిగా వేయాల్సి వస్తుంది. ఇక్కడ మన మిర్చి రైతుల పుణ్యాన ఒక సౌకర్యం ఉంది. ఎరువుల దుకాణంలో దొరికే 13-0-45 అంటే పొటాషియం నైట్రేటే. ఒక గ్రాము 100 లీటర్లలో కలిపితే నైట్రేట్ సుమారు 6 పీపీఎం పెరుగుతుంది. మా 160 లీటర్లకు గ్రాముతో నాలుగు దాకా వస్తుంది. ఒకేసారి వేయకుండా రెండు మూడు రోజులకు పంచండి, మధ్యలో టెస్ట్ చేసి చూడండి. సూక్ష్మపోషకాలు కలిపిన ప్యాకెట్టు మాత్రం కొనవద్దు, అందులో రాగి ఉంటే రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. యూరియా జోలికి అసలు పోకండి, అది అమ్మోనియాగా మారుతుంది. 13-0-45లోనూ ఏ గ్రేడు ఏ మలినాలతో వస్తుందో తెలియదు కాబట్టి, చేతిలో డబ్బులుంటే అక్వేరియం కోసమే చేసిన సీసా కొనడం మేలు.

లైటు విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. పగడాల కోసం అమ్మే నీలి లైటు కంటే 6500 కెల్విన్ దగ్గరి తెల్ల ఎల్ఈడీ, రోజుకు 8 నుంచి 10 గంటలు. టైమర్ పెట్టండి, మరిచిపోయే పని ఉండదు.

చేపలు

ఈ ఎంపికలో తప్పు చేస్తే పైన చెప్పిందంతా వృథా. టాంగ్‌లు, ర్యాబిట్ ఫిష్‌లు నాచును మేకలు మేసినట్టు మేస్తాయి. గ్రాసిలేరియా అంటే టాంగ్‌కు పెళ్లి భోజనం. సముద్రపు ముళ్లబంతులు (సీ అర్చిన్లు), చాలా ఏంజెల్ చేపలు కూడా వద్దు. క్లౌన్లు, గోబీలు, కార్డినల్ చేపలు ముట్టవు. క్లౌన్లలో హేచరీలో పుట్టినవి అడిగి తీసుకోండి, మన ఇంటి తిండికి తొందరగా అలవాటు పడతాయి.

నీలి టాంగ్ కావాల్సిందేనని పిల్లలు పట్టుబడితే ట్యాంకులో హాలిమీడా, కింద సంప్‌లో కీటో తప్ప మరో దారి లేదు. నిజానికి మూడడుగుల ట్యాంకులో ఆ చేపను పెట్టడమే తప్పు, అది చాలా పెరుగుతుంది.

కొనడం, తెచ్చుకోవడం

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు తెప్పించుకోండి. మొదటి పార్శిల్ నేను ఏప్రిల్‌లో తెప్పించాను. అది మధ్యాహ్నం దాకా రేకుల షెడ్డు కింద ఉండిపోయింది, నేను వెళ్లేసరికి సంచిలో ఎర్రని పులుసు. పంపేవాళ్లకు చెప్పి కీటోను, గ్రాసిలేరియాను నిండా నీళ్లలో కాకుండా, ఉప్పునీటిలో తడిపిన కాగితంలో చుట్టించుకుంటే బరువూ తగ్గుతుంది, కుళ్లూ తగ్గుతుంది.

విశాఖలో చుట్టాలున్నవాళ్లకు రాళ్ల మీది నాచు పీక్కొచ్చి వేసుకోవాలనిపిస్తుంది. ఆ తీరపు బండల మీద ఉల్వా, కీటోమార్ఫా, గ్రాసిలేరియా జాతులు నిజంగానే పెరుగుతాయి. కానీ అవి అలల దెబ్బలకు అలవాటైనవి. అక్కడి కీటోమార్ఫా రాయిని పట్టుకొని నిలబడే రకం, దుకాణంలో దొరికే పీచు ముద్ద కాదు. నేను తెచ్చిన గుప్పెడు పది రోజుల్లో మెత్తబడిపోయింది, వెంట వచ్చిన పురుగులు మాత్రం ట్యాంకులో స్థిరపడ్డాయి.

ఏది తెచ్చినా నేరుగా ట్యాంకులో వేయవద్దు. బకెట్‌లో ట్యాంకు నీళ్లు, చిన్న గాలి పంపు, ఒక బల్బు పెట్టి రెండు వారాలు ఉంచండి. ఎర్రవాటిని మంచినీళ్లలో ముంచి కడగకండి, తట్టుకోలేవు. చీకటి పడ్డాక టార్చి వేసి బకెట్ అడుగు చూడండి. గాజులాంటి గోధుమ రంగు చిన్న పువ్వు ఏదైనా రాయికి అంటుకొని, వేలు దగ్గరికి తెస్తే ముడుచుకుంటే, అది ఐప్టేసియా, ట్యాంకులకు పీడగా మారే సీ అనిమోన్. ఆ ముక్కను రాయితో సహా తీసి పారేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.